బస్సా, బండా, కారా? ఏ ప్రయాణానికి ఏది సరిపోతుందో ఇలా చూసుకోండి

ఇంట్లో ఒక బండి ఉంది. ఇప్పుడు ఇంకొకరికి ఉద్యోగం వచ్చింది, లేదా పిల్లలు కాలేజీకి వెళ్లే వయసుకు వచ్చారు. రెండో బండి కొనాలా, బస్సుతో సరిపెట్టుకోవచ్చా? మరీ పెద్దవీ మరీ చిన్నవీ కాని ఊళ్లలో, వాటి చుట్టుపక్కల ఉండే ఇళ్లలో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. చాలామంది ఒక్క సాయంత్రంలో దీన్ని తేల్చేస్తారు. ఎప్పుడో ఒకసారి స్టాపులో 40 నిమిషాలు నిలబడిన సంగతి ఎవరో గుర్తుచేస్తారు. ఇక చర్చ అక్కడితో ఆగిపోతుంది, మర్నాడు షోరూమ్‌కి బయల్దేరతారు.

నేను 9 ఏళ్లు టూ వీలర్ మీదే ఆఫీసుకు వెళ్లాను. ఒకసారి బండి వారం రోజులు రిపేర్‌లో ఉండిపోవడంతో గత్యంతరం లేక బస్సెక్కాను. మొదటి రెండు రోజులూ చిరాకే. మూడో రోజుకు ఏ బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏది ఖాళీగా ఉంటుందో కొంచెం అంతుపట్టింది. బండి ఇంటికి వచ్చాక కూడా వారంలో 4 రోజులు బస్సులోనే వెళ్తున్నాను. ఐదో రోజు మాత్రం బండి తీస్తాను, ఆ రోజు నాకు మూడు చోట్ల పనులుంటాయి కాబట్టి. "బస్సు మంచిదా, సొంత బండి మంచిదా" అని అడిగితే అందుకే నా దగ్గర ఒక్కమాట జవాబు లేదు. ఏ ప్రయాణం, ఏ వేళ, ఎంతమంది అని అడిగితే మాత్రం చాలా చెప్పగలను.

పెద్ద నగరాల లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ మెట్రో ఉంటుంది, ట్రాఫిక్ భయంకరంగా ఉంటుంది, పార్కింగ్ దొరకదు, అందుకని బస్సు వైపు మొగ్గడం తేలిక. రోజుకు రెండు బస్సులు వచ్చే పల్లెలో సొంత బండి తప్పదు. మధ్యస్థంగా ఉండే ప్రాంతంలోనే అసలు తికమక. మెయిన్ రోడ్డు మీద 10, 15 నిమిషాలకో బస్సు ఉంటుంది, కాలనీల లోపలికి గంటకొకటి వస్తుంది. రోడ్డు మరీ జామ్ కాదు, పార్కింగ్ మరీ కష్టం కాదు. అన్నీ సాధ్యమే అనిపిస్తుంది కాబట్టి లెక్క వేసుకోవాల్సిందే.

ముందు ఒక వారం రాసుకోండి

ఏం కొనాలో ఆలోచించే ముందు ఒక వారం పాటు ఇంట్లో అందరి ప్రయాణాలూ ఒక కాగితం మీద రాయండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి, ఎవరెవరు, చేతిలో ఏం ఉంది. వారం చివర చూసుకుంటే చాలా ఇళ్లలో సగానికి పైగా ప్రయాణాలు ఒకే దారిలో, ఒకే వేళకు, ఒంటరిగా, చేతిలో ఒక బ్యాగుతో జరిగినవే ఉంటాయి. ఆఫీసు, కాలేజీ, ట్యూషన్. బస్సు గురించి ఆలోచించాల్సింది మొదట వీటికే. పెళ్లికి వెళ్లడం, గ్యాస్ స్టవ్ రిపేరుకు తీసుకెళ్లడం, అర్ధరాత్రి స్టేషన్‌కు పరిగెత్తడం లాంటివి ఏడాదికి కొన్నిసార్లే ఉంటాయి. కానీ బండి కొనాలా వద్దా అని మాట్లాడుకునేటప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేవి ఇవే. ఏడాదికి పదిసార్లు వచ్చే అవసరానికి క్యాబ్ ఉంది. నెలకు 40 సార్లు చేసే ప్రయాణాన్ని బట్టి నిర్ణయం తీసుకోండి.

టైము లెక్క

"బస్సులో 40 నిమిషాలు, బండి మీద 25" అంటారు. ఈ రెండు అంకెలూ తరచుగా తప్పే. బండి లెక్కలో పార్కింగ్ వెతకడం, అక్కడి నుంచి నడిచి రావడం, పెట్రోల్ బంకు దగ్గర ఆగడం, సర్వీసింగ్‌కు ఇచ్చి తెచ్చుకోవడం కలపరు. బస్సు లెక్కలోకి మాత్రం జీవితంలో ఎదురైన అతి చెడ్డ రోజును తెచ్చి కలుపుతారు. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఎంత పట్టిందో రెండింటికీ కనీసం 5 రోజులు చూసి, అప్పుడు పోల్చండి.

బస్సు విషయంలో అన్నింటికన్నా ముఖ్యమైన అంకె దాని వేగం కాదు, ఎంతసేపటికొకటి వస్తుందన్నది. 10 నిమిషాలకో బస్సు ఉన్న రూట్‌లో టైము చూడకుండా వెళ్లి నిలబడినా సగటున 5 నిమిషాల్లో బస్సు దొరుకుతుంది. 40 నిమిషాలకొకటి అయితే సగటున 20 నిమిషాలు. అందుకే దగ్గర స్టాపు మంచి స్టాపు అనుకోకండి. ఇంటి నుంచి 3 నిమిషాల దూరంలో ఉన్న స్టాపుకు 40 నిమిషాలకో బస్సు వస్తుందనుకోండి, నడకా నిరీక్షణా కలిపి 23 నిమిషాలు. 10 నిమిషాలు నడిచి మెయిన్ రోడ్డు మీదికి వెళ్తే, అక్కడ 10 నిమిషాలకొకటి ఉంటే, మొత్తం 15 నిమిషాలు. పైగా ఒక బస్సు తప్పిపోయినా టెన్షన్ ఉండదు. నేను చాలాకాలం మా సందు చివరి స్టాపులోనే నిలబడేవాణ్ణి. ఈ లెక్క వేశాక మారాను.

కాగితం మీద 20 నిమిషాలకో బస్సు అని ఉంటుంది, స్టాపులో నిలబడితే అరగంట దాకా ఒక్కటీ రాదు, ఆ తర్వాత రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దీనికి డ్రైవర్లనే తిడతాం. అసలు కారణం వేరు. ఏదో సిగ్నల్ దగ్గర ఒక బస్సు కాస్త ఆలస్యమైందనుకోండి. తర్వాతి స్టాపులో దానికోసం మామూలు కన్నా ఎక్కువమంది చేరి ఉంటారు. వాళ్లంతా ఎక్కేసరికి ఇంకాస్త ఆలస్యం. వెనక వచ్చే బస్సుకు జనం తక్కువ, అది చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఎవరి తప్పూ లేకుండానే ఇలా జరుగుతుంది. దీనివల్ల మీకు జరిగే నష్టం ఎంతో కూడా లెక్క కట్టొచ్చు. సరిగ్గా 20 నిమిషాలకొకటి వస్తే సగటు నిరీక్షణ 10 నిమిషాలు. అన్నే బస్సులు ఒకసారి 5 నిమిషాలకు, ఒకసారి 35 నిమిషాలకు వస్తే సగటు 15 నిమిషాలు దాటిపోతుంది, ఎందుకంటే ఎక్కువమంది ఆ 35 నిమిషాల ఖాళీలోనే స్టాపుకు చేరతారు. కాబట్టి మీ రూట్ గురించి ఎవరినైనా అడిగేటప్పుడు "రోజుకు ఎన్ని బస్సులు" అని కాకుండా "టైముకు వస్తాయా" అని అడగండి. రెండు బస్సులు కలిసి వస్తే వెనకదాంట్లో ఎక్కండి. దాదాపు ఎప్పుడూ అదే ఖాళీగా ఉంటుంది.

స్టాపులో గడిపే 10 నిమిషాలు బస్సులో గడిపే 10 నిమిషాలకన్నా బరువుగా అనిపిస్తాయి. రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు కూడా ఎదురుచూసే సమయాన్ని ప్రయాణ సమయానికి సుమారు రెట్టింపుగా లెక్కగడుతుంటారు. ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఆ బరువుకు పెద్ద కారణం. ఈ విషయంలో ఫోను చాలా మేలు చేసింది. బస్సు టైముల సమాచారాన్ని మ్యాపు యాప్‌లు చదవగలిగే ఒకే పద్ధతిలో పెట్టడం 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మొదలైంది. ఇప్పుడు జీటీఎఫ్ఎస్ అనే ఆ పద్ధతినే ప్రపంచంలో ఎన్నో ఊళ్ల రవాణా సంస్థలు వాడుతున్నాయి. మీ ప్రాంతంలో బస్సు ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుంటే, బస్సుకు మార్కుల్లో ఒకటి ఎక్కువే వేయండి. ఇంట్లో ఇంకో 8 నిమిషాలు కూర్చోవచ్చని తెలియడం చిన్న సుఖం కాదు.

ఇక బస్సులో గడిపే సమయం. సీటు దొరికితే అది మీ సొంతం. చదువుకోవచ్చు, కునుకు తీయొచ్చు, ఏమీ చేయకుండా కిటికీలోంచి చూడొచ్చు. బండి మీద 25 నిమిషాలూ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. నిలబడి వెళ్లే రూట్ అయితే ఈ లాభం చాలావరకు పోతుంది, అది ఒప్పుకోవాలి. అలాంటప్పుడు 20 నిమిషాలు ముందు బయల్దేరితే రష్ తగ్గుతుందేమో ఒకసారి చూడండి. రష్ ఎక్కువగా ఉండే సమయం సాధారణంగా మనం అనుకున్నంత పొడుగ్గా ఉండదు.

డబ్బు దగ్గర నిజాయితీగా ఉందాం

బస్సు టికెట్‌ను పెట్రోల్ ఖర్చుతో పోల్చి "రెండూ ఒకటేగా" అంటారు. బండి ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఈ రోజు ఒక్క ప్రయాణానికి ఆ పోలిక సరైందే. కొత్త బండి కొనాలా అన్నప్పుడు మాత్రం అది చాలదు. కొన్న ధరకూ, ఐదారేళ్ల తర్వాత అమ్మితే వచ్చే ధరకూ మధ్య తేడా, లోన్ మీద వడ్డీ, ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్, పార్కింగ్. ఇవన్నీ కలిపి నెలలతో భాగించండి. అందులో చాలావరకు బండి కదలకపోయినా అయ్యే ఖర్చే. చాలా కార్లు రోజులో ఎక్కువ గంటలు ఆగే ఉంటాయి, ఆగి ఉన్నా విలువ తగ్గుతూనే ఉంటుంది.

ఈ లెక్క వేస్తే కారుతో పోల్చినప్పుడు బస్సు చాలా చవక. ఒంటరిగా టూ వీలర్ మీద వెళ్లేవాళ్లకు తేడా అంత పెద్దగా ఉండదు, కొన్ని రూట్లలో దాదాపు సమానం కూడా కావచ్చు. నలుగురు కలిసి వెళ్తే టికెట్లు నాలుగవుతాయి, కారు ఖర్చు మాత్రం పెరగదు. కాబట్టి కుటుంబం అంతా కలిసి చేసే ప్రయాణానికి ఇంట్లో ఉన్న కారే నయం. నేను బస్సు పక్షం మనిషినే అయినా ఈ చోట బస్సే చవక అని చెప్పలేను. బస్సు నిజంగా డబ్బు మిగిల్చేది రెండో బండిని కొననివ్వకుండా ఆపినప్పుడే. మొదటి బండిని అమ్మేయమని ఎవరికీ చెప్పను.

పాస్ తీసుకోవాలా? నెల పాస్ ధరను ఒక టికెట్ ధరతో భాగించండి. 30 వచ్చిందనుకోండి, 30కి మించి ప్రయాణాలు చేస్తేనే పాస్ లాభం. నెలకు 22 పని దినాలంటే రానూపోనూ 44. సెలవులు, ఇంటి నుంచి పనిచేసే రోజులు తీసేస్తే ఎంత మిగులుతుందో చూసుకోండి. పాస్‌లో లెక్కకు అందని లాభం ఇంకొకటి ఉంది. అది జేబులో ఉంటే రెండు స్టాపుల దూరానికి కూడా బస్సెక్కుతాం, రూటు తప్పితే దిగి వేరే బస్సు పట్టుకోవడానికి వెనకాడం. కొత్తగా బస్సు అలవాటు చేసుకునేవాళ్లకు మొదటి నెల పాస్ తీసుకోమనే చెప్తాను, కొంచెం నష్టమైనా సరే.

కొన్నిచోట్ల టికెట్టే తీసేశారు. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 2013 నుంచి ఊరివాళ్లకు బస్సులు, ట్రాములు ఉచితం. 2020 ఫిబ్రవరి 29 నుంచి లక్సెంబర్గ్ దేశమంతా ఉచితం చేసింది. ఫ్రాన్స్‌లోని డంకర్క్ అనే మధ్యస్థ పట్టణం 2018లో టికెట్లు తీసేసింది, దాంతోపాటు బస్సుల సంఖ్య పెంచి రూట్లను కూడా సరిచేసింది. అక్కడ బస్సెక్కేవాళ్లు బాగా పెరిగారు. టాలిన్‌లో మాత్రం కార్ల వాడకం ఆశించినట్టు తగ్గలేదు. నాకు అర్థమైనంతవరకు టికెట్ ధర కన్నా బస్సు ఎంత తరచుగా వస్తుందన్నదే జనాన్ని ఎక్కువగా మారుస్తుంది. మీరు పోల్చుకునేటప్పుడు కూడా ధరను రెండో స్థానంలో పెట్టండి.

ఒంటికి ఏది మంచిది

టూ వీలర్‌తో పోలిస్తే బస్సులో ప్రయాణం ఎన్నో రెట్లు సురక్షితం. ఇందులో వాదనకు తావు లేదు. చుట్టూ బరువైన ఇనుప గూడు, ఎత్తులో కూర్చునే సీటు, నడపడమే వృత్తిగా ఉన్న డ్రైవరు. ఇంట్లో 18 ఏళ్ల పిల్లాడికి బండి కొనివ్వాలా అని ఆలోచించే తల్లిదండ్రులు మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టి దీని గురించి ఆలోచించాలని నా మనవి. వాన పడే రోజుల్లో, చీకటి పడ్డాక ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

బస్సు ప్రయాణికుడికి ప్రమాదం ఎక్కువగా బస్సు బయటే ఉంటుంది. దిగగానే ఆగి ఉన్న బస్సు ముందు నుంచి రోడ్డు దాటకండి. వెనక నుంచి వచ్చి దాన్ని ఓవర్‌టేక్ చేసే బండికి మీరు కనపడరు, మీకు ఆ బండి కనపడదు. బస్సు వెళ్లిపోయేదాకా అర నిమిషం ఆగండి. కదిలే బస్సెక్కడం, ఫుట్‌బోర్డు మీద వేలాడటం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వయసు మళ్లినవాళ్ల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. బస్సు దేన్నీ గుద్దకపోయినా సడెన్ బ్రేకుకు లోపల పడిపోయి తుంటి విరగ్గొట్టుకునేవాళ్లున్నారు. వాళ్లు ముందు కడ్డీ పట్టుకోవాలి, స్టాపు రాకముందే లేచి నిలబడకూడదు. దిగేవాళ్లు దిగేదాకా డ్రైవరు ఆగుతాడు, ఆగకపోతే మిగతావాళ్లం కేక వేసి ఆపుదాం.

నడక సంగతి చూడండి. 18 ఏళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చురుగ్గా నడవడం అందులోకి వస్తుంది. ఇంటి నుంచి స్టాపుకు 8 నిమిషాలు, దిగాక ఆఫీసుకు 7 నిమిషాలు అనుకోండి. రానూపోనూ రోజుకు అరగంట. ఐదు రోజులకు సరిగ్గా 150 నిమిషాలు. జిమ్‌కు డబ్బు కట్టి మూడో వారం మానేసేవాళ్లం చాలామందిమి ఉన్నాం. బస్సుకు నడవడం మానలేం, ఎందుకంటే ఆఫీసుకు వెళ్లాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇదే 8 నిమిషాలు భారమవుతుంది. అలాంటివాళ్లు స్టాపు దాకా ఆటోలోనో, ఇంట్లోవాళ్ల బండి మీదో వెళ్లి అక్కడి నుంచి బస్సెక్కవచ్చు.

పొగ, చోటు

బస్సు ఎప్పుడూ పర్యావరణానికి మంచిదే అని గుడ్డిగా చెప్పను, లెక్కలో చూద్దాం. లీటరు పెట్రోల్ కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు. 100 కిలోమీటర్లకు 7 లీటర్లు తాగే కారు దాదాపు 16 కిలోలు వదులుతుంది. అదే దూరానికి 35 లీటర్లు తాగే పెద్ద డీజిల్ బస్సు 95 కిలోల దాకా వదులుతుంది. అంటే, ఒక్కొక్కరే ప్రయాణించే కార్లతో పోలిస్తే, బస్సులో ఆరుగురు ఉంటే చాలు, బస్సు సమానం. ఏడో మనిషి నుంచి లాభమే. 2 లీటర్లకు 100 కిలోమీటర్లు తిరిగే టూ వీలర్‌తో పోలిస్తే మాత్రం బస్సులో 20 మందికి పైగా ఉండాలి. ఉదయం, సాయంత్రం ఆ సంఖ్య సులువుగా దాటుతుంది, మధ్యాహ్నం దాటకపోవచ్చు. అయితే ఆ మధ్యాహ్నం బస్సు మీరు ఎక్కినా ఎక్కకపోయినా తిరుగుతుంది. మీరు ఎక్కడం వల్ల అదనంగా కాలే డీజిల్ దాదాపు సున్నా, ఇంట్లో ఆగిపోయిన మీ బండి పెట్రోల్ మాత్రం పూర్తిగా మిగిలినట్టే. ఎలక్ట్రిక్ బస్సు అయితే రోడ్డు మీద పొగే ఉండదు.

చోటు సంగతికి జర్మనీలోని మ్యూన్‌స్టర్ అనే ఊరి ఫొటో చూడాలి. 1991లో ఆ ఊరివాళ్లు ఒకే వీధిలో 72 మందిని మూడు రకాలుగా నిలబెట్టి ఫొటోలు తీశారు. సైకిళ్లతో ఒకటి, బస్సుతో ఒకటి, కార్లతో ఒకటి. 72 మందికి కార్లయితే 60 కావాల్సి వచ్చింది, వీధి మొత్తం నిండిపోయింది. బస్సు ఒక్కటి చాలింది. మన ఊళ్లో ఇంకా పార్కింగ్ దొరుకుతోంది కదా అనుకుంటాం. ఇంటికో రెండో బండి వస్తే ఎంతకాలం దొరుకుతుందో ఆ ఫొటో చూస్తే తెలిసిపోతుంది.

మీరు ఎక్కితే పక్కవాడికి కూడా లాభం

నాకు అన్నింటికన్నా నచ్చే విషయం ఇది. రోడ్డు మీదికి ఇంకో కారు వస్తే మిగతా కార్లన్నీ కాస్త నెమ్మదిస్తాయి. బస్సుకు ఇంకో ప్రయాణికుడు వస్తే ఆ రోజు కొంచెం ఇరుకవుతుంది, కానీ జనం పెరిగిన రూట్‌కు బస్సులు పెంచుతారు. 20 నిమిషాలకొకటి వచ్చేది 15కు ఒకటి అవుతుంది. అప్పుడు పాత ప్రయాణికులందరి నిరీక్షణా తగ్గుతుంది. హెర్బర్ట్ మోరింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1972లో దీన్ని లెక్కలతో చూపించాడు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. వెనక్కి తిరిగినా ఇదే జరుగుతుంది. జనం తగ్గితే బస్సులు తగ్గిస్తారు, బస్సులు తగ్గితే మిగిలినవాళ్లూ బండ్లు కొంటారు. పెద్ద నగరంలో వందమంది మానేసినా రూట్ ఆగదు. మధ్యస్థ ప్రాంతంలో ఒక కాలనీ నుంచి ఇరవై మంది మానేస్తే సాయంత్రం బస్సు రద్దయ్యే ప్రమాదం ఉంది. ఇరవై మంది ఎక్కడం మొదలుపెడితే అది నిలబడుతుంది.

ఆ సాయంత్రం బస్సులో ఎవరుంటారో ఒకసారి చూడండి. లైసెన్సు వయసు రాని పిల్లలు, కళ్లు సరిగా కనపడక బండి మానేసిన పెద్దలు, ఇళ్లలో పని ముగించుకుని వెళ్లే ఆడవాళ్లు, డ్రైవింగ్ రానివాళ్లు. బస్సు ఉన్న ఊళ్లో 14 ఏళ్ల అమ్మాయి ఎవరినీ అడగకుండా లైబ్రరీకి వెళ్లి రాగలదు. బస్సు లేని ఊళ్లో ఆమె తండ్రి రోజుకు నాలుగుసార్లు డ్రైవరు పని చేయాలి. ఈ స్వేచ్ఛకు డబ్బు లెక్క కట్టడం నాకు చేతకాదు, కానీ మీ ఇంటి లెక్కలో దీన్ని వదిలేయకండి.

ఎప్పుడు బస్సు వద్దు

రాత్రి షిఫ్టు అయితే ముందు లాస్ట్ బస్సు టైము చూడండి. పని ముగిసే టైముకూ లాస్ట్ బస్సుకూ మధ్య కనీసం అరగంట తేడా లేకపోతే దానిమీద ఆధారపడకండి, రోజూ గడియారం చూసుకుంటూ పని చేయలేరు. మధ్యలో బస్సు మారాల్సి ఉండి, రెండోది గంటకొకటి అయితే కూడా వద్దంటాను. మొదటిది 5 నిమిషాలు ఆలస్యమైతే రెండోదాని కోసం గంట పోతుంది. రెండోది 10 నిమిషాలకొకటి ఉంటే మారడానికి జంకక్కర్లేదు.

చంటిపిల్లతో, రెండు పెద్ద సంచులతో, వరసగా నాలుగు చోట్ల ఆగే పనులతో బస్సులో తిరగడం శిక్ష. వీల్‌చైర్ వాడేవాళ్లు తమ రూట్‌లో లో ఫ్లోర్ బస్సులు ఉన్నాయా, స్టాపు దగ్గర ఫుట్‌పాత్ ఉందా అని స్వయంగా చూసుకోవాలి. కాగితం మీద ఉన్న సౌకర్యం వీధిలో లేకపోవడం మామూలే. ఆస్పత్రి అత్యవసరానికి బస్సు సంగతి ఎత్తనే వద్దు.

క్యాబ్, ఆటో బస్సుకు పోటీ అనుకుంటారు. నా అనుభవంలో అవి బస్సుకు తోడు. పొద్దున బస్సులో వెళ్లి, ఆలస్యమైన రాత్రి క్యాబ్‌లో రావడం సొంత బండి కన్నా చవకగానే తేలుతుంది, అలాంటి రాత్రులు నెలకు నాలుగైదు అయితే. పదిహేను అయితే బండి కొనుక్కోవడమే మేలు. సైకిల్ ఉన్నవాళ్లు స్టాపు దాకా దానిమీద వెళ్తే 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంచి రూట్ కూడా అందుతుంది, సైకిల్‌కు తాళం వేసి పెట్టే చోటు ఉంటే.

అద్దె ఇల్లు చూసుకునేవాళ్లకు ఒక మాట. రెండు ఇళ్లు నచ్చితే, తరచుగా బస్సులు తిరిగే మెయిన్ రోడ్డుకు నడక దూరంలో ఉన్నదాన్ని తీసుకోండి. కాలనీ లోపలికి వచ్చే ఒక్క బస్సును నమ్మి లోపలి ఇల్లు తీసుకోకండి. లోపలి రూట్లను ఎప్పుడైనా మారుస్తారు, మెయిన్ రోడ్డు మీది బస్సులు అంత తేలిగ్గా పోవు.

రెండు వారాలు ప్రయత్నించండి

మొదటిసారి ముఖ్యమైన పని ఉన్న రోజున బస్సెక్కి చూడకండి. ఒక సెలవు రోజు ఊరికే వెళ్లి రండి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, తిరిగొచ్చేటప్పుడు స్టాపు రోడ్డుకు ఏ పక్కన ఉంది అన్నవి టెన్షన్ లేకుండా తెలుస్తాయి. చిల్లర గానీ, కార్డు గానీ ముందే సిద్ధం చేసుకోండి. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లలో కూర్చుని రోడ్డును చూస్తూ ఉండాలి, ఫోను చూడకూడదు. వెనక చక్రాల మీది సీట్లు బాగా కుదుపుతాయి, మధ్యలోవి నయం. పొద్దున ఉత్తరం వైపు వెళ్లే బస్సయితే ఎండ కుడి పక్క ఉంటుంది, ఎడమ పక్క కూర్చోండి. చిన్న విషయమే, కానీ ఎండాకాలంలో బస్సు మీద అభిప్రాయాన్ని అదే మార్చేస్తుంది.

రెండు వారాల పాటు రోజూ మూడు అంకెలు రాయండి: ఎంతసేపు ఎదురుచూశారు, గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత పట్టింది, సీటు దొరికిందా. బస్సు అసలు రాకపోతే రూటు నంబరు, స్టాపు, టైము కూడా రాసిపెట్టుకుని డిపోకు ఫిర్యాదు చేయండి. "మీ బస్సులు ఎప్పుడూ రావు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఫలానా రోజు, ఫలానా స్టాపులో, 8.10 బస్సు రాలేదంటే ఎవరో ఒకరు రికార్డు తీసి చూడగలరు.

పది పని దినాలయ్యాక కాగితం తీయండి. మొదటి మూడు రోజుల్ని లెక్కలోంచి తీసేయండి, అవి నేర్చుకున్న రోజులు. మిగిలిన ఏడింటిలో ఐదు రోజులైనా బండి మీద పట్టే టైముకు అదనంగా 20 నిమిషాల లోపు చేరుకుంటే, బస్సు మీకు పనికొస్తుంది, రెండో బండి ఆలోచన ఆరు నెలలు వాయిదా వేయండి. మూడు రోజులకు మించి అరగంట పైన ఎదురుచూసి ఉంటే, ముందు పక్క రూట్‌నో, మెయిన్ రోడ్డు స్టాపునో ఇంకో వారం చూడండి. అప్పుడూ అంతే అయితే బండి కొనుక్కోండి, వీలైన రోజుల్లో మాత్రం పాత బస్సులోనే వెళ్లండి.